తీగ ఎండినా నిబంధన మారదా?

ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ సీమలో పొమెరోల్ ఒక ఊరు. ఆ ఊరి పేరు తమ వైన్‌కు అక్కర్లేదని అక్కడి ద్రాక్షతోట షాటో లాఫ్లేర్ తేల్చి చెప్పింది. 2025 పంట నుంచి ఆ సీసాల మీద పొమెరోల్ అని గానీ, బోర్డో అని గానీ ఉండదు. ఏ ఊరి నేలలో పండిందో చెప్పని ‘వాఁ ద ఫ్రాన్స్’ అనే సాధారణ ముద్ర మాత్రమే ఉంటుంది. పేరుమోసిన పెట్రూస్ ద్రాక్షతోటకు కూతవేటు దూరంలో నాలుగున్నర హెక్టార్లు సాగుచేస్తూ, ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన రెడ్ వైన్లలో ఒకదాన్ని తీస్తున్న కుటుంబం తీసుకున్న నిర్ణయమిది. వాతావరణం మారుతున్నంత వేగంగా నిబంధనలు మారడం లేదన్నది వారు చెప్పిన కారణం. ఊరి పేరు వేసుకోవాలంటే తోటకు మామూలుగా నీటి తడులు పెట్టకూడదన్నది ఆ నిబంధనల్లో ఒకటి. సంపన్నుల పానీయం గొడవ మనకెందుకని తీసిపారేయడం తేలికే. మేము అలా చూడలేకపోతున్నాం.

ఫ్రాన్స్ మేలురకం రెడ్ వైన్ మంచిచెడ్డలు చాలావరకు తోటలోనే తేలిపోతాయి. ద్రాక్షను తొక్కలతో, గింజలతో సహా తొట్టెల్లో పులియబెడతారు. రంగూ వగరూ తొక్క నుంచే దిగాలి. రెండు మూడు వారాలు నానిన తరువాత రసాన్ని వేరుచేసి, సుమారు 225 లీటర్ల ఓక్ చెక్క పీపాల్లో ఏడాదిన్నర వరకూ ఉంచుతారు. చెక్క గుండా కొద్దికొద్దిగా తగిలే గాలికి వగరు మెత్తబడుతుంది. అడుగున మడ్డి పేరుకున్నప్పుడల్లా పీపా మారుస్తారు. ఆపైన సీసాలో పది, ఇరవై ఏళ్ల నిరీక్షణ. అంతకాలం నిలవాలంటే కాయలో చక్కెర, పులుపు, వగరు ఒక తూకానికి రావాలి. మండుటెండలో చక్కెర ముందుకు పరుగెడుతుంది, పులుపు పడిపోతుంది, తొక్క మాత్రం ఇంకా పక్వానికి రాదు. నీరు బొత్తిగా అందకపోతే తీగ తనను తాను కాపాడుకునే పనిలో పడి కాయను పండించడమే మానేస్తుంది. పొమెరోల్‌కు ప్రాణమైన మెర్లో అనే ద్రాక్ష రకం ముందుగా పండుతుంది, అందుకే ముందుగా దెబ్బతింటుంది. అక్కడ తప్పిన తూకాన్ని ఏ పీపా సరిచేయలేదు.

నీళ్లు పెడితే వేర్లు లోతుకు దిగవని, నేల స్వభావం రుచిలోకి రాదని నిబంధనల పక్షాన ఉన్నవారి వాదన. మామూలు కాలానికి అది సరైన మాటే. ఇప్పుడున్నది మామూలు కాలం కాదు.

పైగా ఈ నిబంధనలు ఎవరూ ముట్టనివీ కావు. 2021లో బోర్డో, బోర్డో సుపీరియర్ వైన్లకు ఆరు కొత్త ద్రాక్ష రకాలను అనుమతించారు. తోటలో ఐదు శాతం, మిశ్రమంలో పది శాతం మించకూడదన్నారు. 2022 కరవులో కొన్ని ప్రాంతాలకు నీటి తడుల నిషేధం నుంచి తాత్కాలిక మినహాయింపులూ ఇచ్చారు. తీగ జాతినే మార్చడానికి ఒప్పుకున్నవారు, ఉన్న తీగకు గుక్కెడు నీళ్లిచ్చే విషయంలో మాత్రం ఏ ఏటికా ఏడు దరఖాస్తు పెట్టుకోమంటున్నారు. దీన్ని సంప్రదాయ పరిరక్షణ అనడానికి మాకు నోరు రావడం లేదు.

మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెడుతున్నది ఇప్పుడు పడిన దారి. లాఫ్లేర్ వెళ్లగలదు. ఆ సీసాను కొనేవారు తోట పేరు చూసి కొంటారు, ఊరి పేరు చూసి కాదు. పక్కనే రెండు మూడు హెక్టార్లున్న రైతు సంగతేమిటి? అతని తోట పేరు ఎవరికీ తెలియదు. లేబుల్ మీది ‘పొమెరోల్’ అన్న ఒక్క మాటే అతని ధర, అతని అప్పు తీరే మార్గం. తీగ ఎండినా అతడు ఆ పేరును పట్టుకునే ఉండాలి. అంటే స్థోమత ఉన్నవారు నిబంధన దాటిపోతారు, లేనివారికే నిబంధన మిగులుతుంది.

ఇది ఇక్కడితో ఆగుతుందని నమ్మలేం. పొమెరోల్ పొరుగునున్న సెంతెమిలియోఁలో తోటలకు హోదాలిచ్చే శ్రేణుల జాబితా ఉంది. 2021లో ఓజోన్, షెవాల్ బ్లాఁ, మరుసటి ఏడాది ఆంజెలూస్ అనే పెద్ద తోటలు దాన్నుంచి తప్పుకున్నాయి. అప్పుడు వదిలింది హోదాను. ఇప్పుడు వదిలింది ఊరినే. అమ్ముడుపోని వైన్ బరువుకు ప్రభుత్వ సాయంతో వేల హెక్టార్ల తీగలను పీకేస్తున్న బోర్డోలో, ఊరి పేరుకు విలువ తెచ్చిన తోటలే ఒక్కొక్కటిగా బయటికి నడిస్తే మిగిలినవారు ఆ పేరు చెప్పి ఎంతకు అమ్ముకోవాలి?

ఊరి పేరును ఎవరు వాడుకోవచ్చో నిర్ణయించే చట్టాన్ని 1935లో ఫ్రాన్స్ తెచ్చింది రైతు కోసం. ఎక్కడిదో చవక సరుకును పేరున్న ఊరి వైన్‌గా చలామణి చేసే మోసగాళ్ల నుంచి అతన్ని కాపాడటానికి. ఊరి పేరుకు చట్టరక్షణ కల్పించే ఆ ఆలోచన వరుసలోనే 2017లో మన బంగినపల్లి మామిడికీ భౌగోళిక గుర్తింపు దక్కింది. అందుకే పొమెరోల్‌లో జరుగుతున్నది మనకూ పట్టాలి.

మూలప్రాంత గుర్తింపులను పర్యవేక్షించే ఫ్రాన్స్ జాతీయ సంస్థ ఐఎన్‌ఏఓ ఇకనైనా కదలాలి. ఎంత కరవుకు ఎన్ని తడులు, ఏ నెలల్లో, ఎవరి తనిఖీలో అన్నది వచ్చే వేసవికి ముందే రాసిపెట్టాలి. ఆ పని ఎప్పుడో చేయాల్సింది. వేసవి తరువాత వేసవి ఎండుతున్న ఆకులను చూస్తూ కూర్చున్న అధికారులు, ఒక పెద్ద తోట గడప దాటిన తరువాత సంప్రదాయం గురించి ఉపన్యాసాలివ్వడం సిగ్గుచేటు. వెళ్లిపోయినవారికి కాదు, వెళ్లలేక మిగిలిన ఆ చిన్న రైతుకు వారు సమాధానం చెప్పాలి.