వదినగారూ, వినపడుతోందా?

మా అమ్మది తెనాలి. మా అత్తగారిది హనుమకొండ. మా పెళ్లయి 2020 నాటికి పదిహేడేళ్లు. ఆ పదిహేడేళ్లలో వియ్యపురాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గొడవలేమీ లేవు. పెళ్లిలో ఆడపడుచు లాంఛనాల దగ్గర ఒక మాట అటూ ఇటూ అయింది, అంతే. ఆ తర్వాత పండగకో ఫోన్. "అంతా కులాసాయేనా వదినగారూ" అని అమ్మ అడగడం, "అంతా మంచిగనే ఉన్నం" అని అత్తయ్య చెప్పడం, వెంటనే ఫోన్ నా చేతిలో పెట్టేయడం.

అలాంటి ఇద్దరూ ఆ ఏడాది రోజూ మాట్లాడుకున్నారు. అది ఎలా జరిగిందో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కరోనా రోజుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా న్యూజెర్సీలోని మన తెలుగు సంఘంలో మనం పెద్దవాళ్లకు ఏమేం చేశామో చెప్పుకుంటాం. సరుకులు పంపాం, టీకా అపాయింట్‌మెంట్లు పట్టాం, రోజూ ఫోన్ చేశాం. అవన్నీ చేశాం, నిజమే. కానీ ఆ ఏడాది మా ఇంట్లో ఏ కాస్త వెలుగు ఉన్నా అది వాళ్లిద్దరూ తెచ్చిందే. మేము ఇచ్చింది ఒక ఐప్యాడ్, అంతే.

అత్తయ్య, మామయ్య ఫిబ్రవరిలో న్యూజెర్సీ వచ్చారు. మేలో తిరుగు ప్రయాణం. మార్చి 22 నుంచి ఇండియా బయటి విమానాలను రానివ్వడం ఆపేసింది. ఇక్కడ అంతకు ముందు రోజే ఇళ్లలోంచి కదలొద్దన్న ఆర్డర్ వచ్చింది. మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది. అక్కడ లాక్‌డౌన్ మొదటి రోజూ అదే. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్లు. అమ్మ ఒక్కతే తెనాలి ఇంట్లో ఉగాది పచ్చడి చేసుకుని, దేవుడికి పెట్టి, ఒక చెంచా నోట్లో వేసుకుని, మిగతాది ఎవరికివ్వాలో తెలియక అలా గిన్నెతో నిలబడిపోయిందట. ఎప్పుడూ ఆ గిన్నె నాలుగిళ్లు తిరిగి వచ్చేది. ఈ సంగతి నాకు అప్పుడు చెప్పలేదు. అత్తయ్యకు చెప్పింది, అదీ రెండు నెలల తర్వాత.

వీసా పొడిగింపు గోల మీలో చాలామందికి తెలుసు. ఐ-539 ఫారం, అప్పట్లో ఇద్దరికీ కలిపి 370 డాలర్ల ఫీజు, వేలిముద్రలకు మనిషికి 85. ఆ వేలిముద్రలు తీసే ఆఫీసులేమో మూసేసి ఉన్నాయి. తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోవచ్చాయి, ఊరి నుంచి పార్శిల్ రాదు. టికెట్ డబ్బులు వాపసు ఇస్తానన్న ట్రావెల్ ఏజెంట్ ఫోన్ ఎత్తడం మానేశాడు. టెన్షన్ మాకే, అత్తయ్య మాత్రం నెమ్మదిగా ఉన్నట్టే కనిపించేవారు. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని, ఎదురింటి వాళ్ల చెట్టును చూస్తూ గంటలు గడిపేవారు.

ఇక మా అమ్మకు నేను చేసే ఫోన్ గురించి చెప్పాలి. రోజూ చేసేదాన్ని. తిన్నావా, మందులేసుకున్నావా, బయటికి వెళ్లట్లేదు కదా. ఈ మూడు ప్రశ్నలే. అమ్మ జవాబులు కూడా మూడే. తిన్నాను, వేసుకున్నాను, లేదు. ఏప్రిల్ చివరికి మా ఫోన్ రెండు నిమిషాలకు వచ్చేసింది. ప్రేమ లేక కాదు. నేను ప్రశ్నలడిగి చిట్టాలో టిక్ పెట్టుకుంటున్నాను, అమ్మ అటెండెన్స్ చెబుతోంది. చాలా ఇళ్లలో ఇలాగే జరిగిందని తర్వాత స్నేహితురాళ్లతో మాట్లాడితే తెలిసింది.

మే మొదట్లో మా ఆయన ఓక్ ట్రీ రోడ్డులో గంటన్నర లైన్లో నిలబడి సరుకులతో పాటు పచ్చి మామిడికాయలు తెచ్చారు. అత్తయ్య ఒక కాయ చేతిలోకి తీసుకుని వాసన చూసి, "తొక్కు పెడుదామా బిడ్డా" అన్నారు. కిటికీ దగ్గర నుంచి తనంతట తాను లేచి ఒక పని తలపెట్టడం అదే మొదటిసారి. నాకు ఆవకాయ పెట్టడం రాదు. మా అమ్మ పెట్టేది ఎలా ఉంటుందో నాలుకకు తెలుసు, చేతికి తెలీదు. అమ్మకు వీడియో కాల్ చేసి ఐప్యాడ్‌ను పోపుల డబ్బాకు ఆనించి పెట్టాను.

"వదినగారూ, వినపడుతోందా?" అంది అమ్మ. మొదటి మాట అదే.

కాయ పుల్లగా ఉందా, టెంక గట్టిపడిందా అని అడిగింది. కూరగాయల కత్తి టెంక మీద జారిపోతుంటే మామయ్య గరాజులోంచి సుత్తి తెచ్చి కత్తి వెన్ను మీద కొట్టారు. ముక్క ముక్కకీ టెంక ఉండాలని అమ్మ అక్కడి నుంచి కేకలు. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె ఆవపిండి, గిన్నె కారం, గిన్నెకు కాస్త తక్కువ ఉప్పు, పైన నువ్వుల నూనె. అక్కడ అత్తయ్య ఆగిపోయారు. "అల్లమెల్లిగడ్డ ముద్ద ఎప్పుడేస్తరు వదినా?" అమ్మ కూడా ఆగింది. ఆవకాయలో అల్లమా? పోపు పెట్టి చల్లార్చి పోయకుండా పచ్చి నూనె పోసుడేంది అని అత్తయ్య. పోపు పెడితే ఆవ ఘాటు ఏమైపోవాలి అని అమ్మ. పదిహేడేళ్లు ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు ఎదురు చెప్పకుండా మర్యాదగా బతికారు. ఆ రోజు నలభై నిమిషాలు మనస్ఫూర్తిగా వాదించుకున్నారు. చివరికి రెండు జాడీలు పెట్టాం, ఒకటి తెనాలి ఆవకాయ, ఒకటి హనుమకొండ తొక్కు.

ఆవకాయ పెట్టిన మూడో రోజు తిరగ కలపాలి. ఆ ఒక్క నియమం మా ఇంటికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. మూడో రోజు రాత్రి తొమ్మిదికి, అక్కడ పొద్దున ఆరున్నరకి, అమ్మే ఫోన్ చేసింది, "తిరగ కలిపారా వదినగారూ, నూనె తేలిందా" అని. మర్నాడు ఉప్పు సరిపోయిందో లేదో తెలుసుకోడానికి చేసింది. ఆ తర్వాతి రోజు అత్తయ్య చేశారు. ఆ వేసవి ఇక ఎవరి కోసం పచ్చడి పెట్టను అని ఊరుకున్న అమ్మ, నోటికి కొంగు కట్టుకుని బండివాడి దగ్గర పాతిక కాయలు బేరమాడి కొనింది, అందులో ఒక చిన్న జాడీ అల్లం వేసి పెట్టింది. ఇక్కడ తొమ్మిది గంటల ఫోన్ మా ఇంట్లో సంధ్యాదీపంలాగా ఒక నియమం అయిపోయింది. నేను చేసే రెండు నిమిషాల ఫోన్‌లో అమ్మ నోట ఎన్నడూ రాని సంగతులు ఆ ఫోన్‌లో వచ్చేవి. ఉగాది పచ్చడి గిన్నె సంగతి అలా వంటగదిలో గిన్నెలు కడుగుతూ విన్నాను. కుళాయి కట్టేసి అలాగే నిలబడిపోయాను.

జులైలో అత్తయ్య అక్కగారు గుండెపోటుతో పోయారు. వెళ్లే దారి లేదు. విదేశాల్లో చిక్కుకుపోయినవాళ్ల కోసం ఇండియా వేసిన వందే భారత్ విమానాలు మే 7 నుంచే తిరుగుతున్నా, ఆ రోజుకు ఆ రోజు సీటు ఎవరిస్తారు? అంత్యక్రియలకు ఇరవై మందికి మించి రాకూడదన్న నిబంధన. అక్కగారి మనవడు ఫోన్ పట్టుకుని చూపిస్తుంటే రాత్రి రెండు గంటలకు అత్తయ్య సోఫాలో కూర్చుని చూశారు. బొమ్మ మధ్యమధ్యలో ఆగిపోతోంది. అది నా జీవితంలో చూసిన అతి కష్టమైన దృశ్యాల్లో ఒకటి.

మర్నాడు మేమందరం అత్తయ్యను ఓదార్చాం. మనసు గట్టి చేసుకోండి, వయసయిపోయింది కదా, బాధపడకుండా పోయారు కదా. అత్తయ్య తలూపారు. రాత్రి తొమ్మిదికి అమ్మ ఫోన్ చేసి ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. "అక్కయ్యగారి గురించి చెప్పండి వదినగారూ, నేను ఎప్పుడూ చూడలేదు" అంది. అంతే, అత్తయ్య గంటన్నర మాట్లాడారు. చిన్నప్పుడు తనకు జడ వేసి బడికి పంపింది అక్కేనని, అక్క తను మాత్రం బడికి పోలేదని, పెళ్లయి వెళ్తూ తన పలక చెల్లెలి చేతిలో పెట్టి ఏడ్చిందని. నా భర్తకు కూడా ఈ కథలు తెలియవు. తలుపు దగ్గర నిలబడి ఆయనా విన్నారు.

సెప్టెంబర్ 25న బాలసుబ్రహ్మణ్యం గారు పోయారు. ఆ రాత్రి ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. ఒకరు పల్లవి అందుకుంటే ఒకరు చరణం గుర్తు చేసుకున్నారు. మామయ్య పక్కన కూర్చుని విన్నారు.

ఆ ఏడాది అధిక ఆశ్వయుజం వచ్చింది. ఏటా బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస, అంటే పితృ అమావాస్య, సెప్టెంబర్‌లో వెళ్లిపోయినా బతుకమ్మ మాత్రం అక్టోబర్ 16 నుంచి 24 దాకా ఆడారు. న్యూజెర్సీలో తంగేడు లేదు, గునుగు లేదు. అక్టోబర్‌లో ప్రతి షాపు ముందూ వరసగా పెట్టి అమ్మే చామంతి కుండీలు ఉన్నాయి, మా పెరట్లో బంతి ఉంది. అత్తయ్య పళ్లెంలో గుమ్మడాకు పరిచి వరస మీద వరస పేరుస్తూ, "మీరు గూడ పేర్వుండ్రి వదినా" అన్నారు.

అమ్మ ఒక క్షణం ఊరుకుంది. "నేను చేయొచ్చా?" అంది మెల్లగా.

నాన్న పోయాక అమ్మ శ్రావణ శుక్రవారం పేరంటాలకు వెళ్లడం మానేసింది. ఎవరూ రావద్దనలేదు, ఎవరూ రమ్మనీ అనలేదు. మేమూ దాని గురించి ఎన్నడూ మాట్లాడలేదు. అమ్మే వద్దనుకుందని మా సౌకర్యం కొద్దీ మేం నమ్మేశాం. అత్తయ్య చేతిలో పువ్వు కింద పెట్టి ఫోన్ దగ్గరికి జరిగారు. "గట్లెందుకంటరు వదినా? మా అమ్మ మా నాయిన పోయినంక ఇరవై ఏండ్లు పేర్చింది. బతుకమ్మ అందరిది" అన్నారు.

24వ తేదీ సద్దుల బతుకమ్మ. ఆ రోజు ఫోన్ మా పొద్దున తొమ్మిదికి, అక్కడ సాయంత్రం ఆరున్నర. అమ్మ మేడ మీద పళ్లెం పెట్టింది. బంతిపూలు, పక్కింటి కుండీలోంచి కోసిన కోడిజుట్టు పూలు. "గునుగు లేదు వదినగారూ" అంటే అత్తయ్య స్క్రీన్‌కు ముఖం ఆనించి చూసి, "అది గునుగు చెల్లెలే, మంచిగున్నది" అన్నారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు మాస్కులతో చుట్టూ నిలబడ్డారు. తెనాలిలో మా వీధిలో బతుకమ్మ చూసినవాళ్లు ఎవరూ లేరు. ఇక్కడి నుంచి అత్తయ్య పాడితే అక్కడ వాళ్లు చప్పట్లు కలిపారు. సిగ్నల్ ఆలస్యం వల్ల చప్పట్లు పాటకు వెనకబడి వచ్చేవి. మా పిల్లలిద్దరూ పైజమాలతోనే దిగి వచ్చి నాయనమ్మ చుట్టూ తిరిగారు. బతుకమ్మను ఇక్కడ ప్లాస్టిక్ టబ్బులో, అక్కడ బావి దగ్గరి గోలెంలో వదిలారు.

ఆ రోజు అమ్మ కట్టుకున్నది ఎర్రంచు చీర. నాలుగేళ్ల తర్వాత.

ఇప్పుడు మన సంఘం సంగతి. ఆ శీతాకాలం మనం కూడా శనివారాలు ఆన్‌లైన్‌లో ఆడవాళ్ల కలయిక మొదలుపెట్టాం, గుర్తుందా? ఉచిత జూమ్ నలభై నిమిషాలకు తెగిపోయేది కాబట్టి ఒక్కో వారం ఒక్కో పెద్దావిడ, నలభై నిమిషాల్లో ఏదో ఒకటి నేర్పాలి. ఒకావిడ గవ్వలాట నేర్పారు. ఒకావిడ వత్తులు చేయడం. ఒక రిటైర్డ్ లెక్కల టీచర్ నోటి లెక్కలు చెబితే హైస్కూల్ పిల్లలు కెమెరాలు ఆన్ చేశారు. థాంక్స్‌గివింగ్ రోజు జూమ్ వాళ్లు ఆ నలభై నిమిషాల పరిమితి ఎత్తేస్తే మూడు గంటలు ఎవరూ కదల్లేదు.

హాళ్లు తెరిచాక దాన్ని వదిలేశాం. మళ్లీ పెద్దవాళ్లకు ముందు వరస కుర్చీలు, శాలువా, ఫోటో. శాలువా కప్పడం తప్పని నేననను. కానీ ఆ కుర్చీలో కూర్చున్న పెద్దావిడకు రెండు గంటల పాటు చేయడానికి ఏమీ ఉండదు, ఎవరూ ఆమెను ఏమీ అడగరు. మా అత్తయ్యకు ఆ కిటికీ ఎలాంటిదో ఈ కుర్చీ కూడా అలాంటిదే.

ఇక్కడొక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆమె అవసరం మనకుంది అని చెప్పడం వేరు, ఆమెను వాడుకోవడం వేరు. ఆరు నెలల వీసా మీద వచ్చిన తల్లి ఆరు నెలలూ డేకేర్ ఖర్చు మిగిల్చి, టిఫిన్లు చేసి, ఫ్రీజర్ నింపి వెళ్లే ఇళ్లు మన మధ్యే ఉన్నాయి. అది అడగడం కాదు. ఆమెకు మాత్రమే తెలిసినది, ఆమె నోటి నుంచే వినాల్సినది అడగాలి, అడిగాక కూర్చుని వినాలి. కాదన్నప్పుడు వాదించాలి కూడా. మా ఇంట్లో మంచు కరిగింది మర్యాద వల్ల కాదు, అల్లం మీద జరిగిన వాదన వల్ల.

ఆ ఏడాది అందరికీ ఇలా గడవలేదు. ఫోన్‌లో చివరి చూపు చూసి ఇప్పటికీ తేరుకోని ఇళ్లు మన సంఘంలో ఉన్నాయి, వాళ్ల ముందు నేను వెలుగుల గురించి మాట్లాడడానికి సంకోచిస్తాను. అయినా అడుగుతున్నాను: ఆ శనివారాలు మళ్లీ మొదలుపెడదాం. ఖర్చు నెలకు ఒక జూమ్ చందా. ఇండియాలో ఉన్న మన తల్లుల్ని కూడా పిలుద్దాం, వాళ్ల ఆరున్నర, మన తొమ్మిది. కార్యవర్గం ఒప్పుకుంటే మొదటి నాలుగు వారాల బాధ్యత నాది.

అత్తయ్య, మామయ్య డిసెంబర్‌లో ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు పట్టుకుని వెళ్లిపోయారు. ఆ ఫోన్ ఇక ఆగిపోతుందనుకున్నాను. ఇప్పుడది హనుమకొండకూ తెనాలికీ మధ్య నడుస్తోంది, నాతో పని లేదు. నిన్న రాత్రి తొమ్మిదికి అమ్మకు చేస్తే బిజీ వచ్చింది. పావుగంటకు మళ్లీ చేశాను. "తర్వాత మాట్లాడతానే, మీ అత్తగారు లైన్లో ఉన్నారు, ఇవాళ మూడో రోజు" అని పెట్టేసింది.