సవరణ: లాటిన్ ఆశ్చర్యార్థకాలన్నీ ద్వితీయా విభక్తిలోనే ఉండవు

మొన్నటి పోస్టులో, లాటిన్‌లో ఆశ్చర్యమో బాధో చెప్పాలంటే నామాన్ని ద్వితీయా విభక్తిలో పెడితే చాలని రాసి, రోమన్ వక్త సిసెరో క్రీ.పూ. 63లో కుట్రదారు కాటిలైన్ మీద చేసిన ప్రసంగంలోని ‘ఓ తెంపోరా, ఓ మోరేస్!’ (ఏం కాలం, ఏం తీరు!) ఉదాహరణగా ఇచ్చాను. సూత్రం నిలుస్తుంది కానీ అన్నిచోట్లా కాదు, ముందు ఉదాహరణ మార్చుకోండి. ఆ రెండు మాటలకీ బహువచనంలో ప్రథమా ద్వితీయా ఒకేలా ఉంటాయి కాబట్టి చూసి ఏ విభక్తో చెప్పలేం.

‘మే మిసెరుమ్!’ తీసుకుంటే గొడవ లేదు. ‘అయ్యో నా బతుకు!’ అని మగవాడు అంటే మిసెరుమ్, ఆడమనిషి అంటే మే మిసెరామ్. ప్రథమైతే ‘ఎగో మిసెర్’ అయ్యేది.

ఇక ‘వై’ (అయ్యో) అనే మాట వస్తే సాధారణంగా చతుర్థి పడుతుంది, ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. రోమ్‌ను గెలిచిన గాల్ జాతి నాయకుడు, బంగారం తూచేటప్పుడు తప్పుడు తూకాలేమిటని రోమన్లు అడిగితే, తన కత్తి కూడా త్రాసులో పడేసి ‘వై విక్తీస్!’ (ఓడినవాళ్ళ గతి ఇంతే!) అన్నాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు, అక్కడ విక్తీస్ చతుర్థీ బహువచనం. ‘హెయ్ మిహి!’ (అయ్యో, నాకెంత కష్టం!)లో మిహి కూడా చతుర్థే.

మనిషిని పిలిస్తే సంబోధన: మార్కుస్‌ని పిలవాలంటే ‘ఓ మార్కే!’ క్రియతో పూర్తి వాక్యం కావాలంటే ‘క్వామ్’ (ఎంత) ముందు పెట్టండి. ‘క్వామ్ పుల్క్రా ఎస్ట్!’ అంటే ఆమె ఎంత అందంగా ఉందో! ఇందులో పుల్క్రా ప్రథమే.