నల్లగా, బరువుగా ఉన్నదల్లా వాల్‌నట్ కాదు

"ముదురు రంగు, మంచి బరువు ఉంటే అది అసలు వాల్‌నట్. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా నల్లబడుతుంది. పురుగు ముట్టదు." ఇల్లు కట్టుకునేవాళ్ల మధ్య ఈ మాటలు తెగ తిరుగుతున్నాయి. వీటిని నమ్మి కలప డిపోకి వెళ్తే వాల్‌నట్ (అక్రోటు చెక్క) ధరకి వేరే చెక్క తెచ్చుకోవాల్సి వస్తుంది.

ముందు రంగు సంగతి. స్టెయిన్ పూస్తే మామిడి చెక్కకూ ఆ రంగు వస్తుంది. పైగా మన దిరిసెనకే వ్యాపారంలో 'ఈస్ట్ ఇండియన్ వాల్‌నట్' అని పేరు. అది మంచి చెక్కే, కానీ అసలు వాల్‌నట్‌తో చుట్టరికం లేదు. కాశ్మీర్ అక్రోటు, అమెరికా బ్లాక్ వాల్‌నట్ రెండూ జుగ్లాన్స్ ప్రజాతివి. తేడా పట్టాలంటే చెక్క కొసన అడ్డకోత చూడాలి. పదునైన బ్లేడుతో కొస నున్నగా చెక్కి, కాస్త తడిపి, పది రెట్ల భూతద్దం పెట్టండి. శాండ్‌పేపర్ రుద్దితే రంధ్రాలు పొడితో పూడి ఏమీ కనబడదు. వాల్‌నట్‌లో ఏడాదికొకటిగా ఏర్పడే వలయం మొదట్లో పెద్దగా ఉన్న రంధ్రాలు చివరికి వచ్చేసరికి మెల్లగా చిన్నవవుతాయి; వాటి మధ్య వలయం వెంబడే వెంట్రుకలాంటి లేత గీతలుంటాయి. దిరిసెనలో రంధ్రాలు దూరదూరంగా చెదిరి, ఒక్కొక్కదాని చుట్టూ లేతరంగు అంచుతో కనిపిస్తాయి.

బరువు మాట తలకిందులు. ఆరిన బ్లాక్ వాల్‌నట్ ఘనమీటరుకు సుమారు 610 కిలోలు, రోజ్‌వుడ్ జాతి చెక్క శీషమ్ 770 దాకా. 30×10×2.5 సెం.మీ. ముక్క 450 గ్రాముల చుట్టుపక్కల తూగాలి. 580 తూగితే అనుమానించాల్సిందే. దిరిసెన బరువు దగ్గరగానే ఉంటుంది కాబట్టి అక్కడ భూతద్దమే దిక్కు.

నల్లబడడం? వాల్‌నట్ వెలుతురుకి లేతబడుతుంది, తేనెరంగుకి తిరుగుతుంది. కిటికీ పక్క టేబుల్ మీద కుండీ కదపకుండా ఉంచితే దాని కింద ముదురు మచ్చ మిగులుతుంది. నూనె పూయగానే రంగు ముదరడం చూసి ఈ అపోహ పుట్టి ఉండాలి.

పురుగు విషయంలో అసలు జాగ్రత్త కావాలి. బ్లాక్ వాల్‌నట్ చేవ, అంటే మాను నడిమి ముదురు చెక్క, కుళ్లుకి బాగా ఆగుతుంది, పురుగుకి అంతగా ఆగదు. చుట్టూ ఉండే తెల్లచెక్కను పొడిపురుగు తొలిచేస్తుంది. చాలా మిల్లులు ఆవిరి పట్టి తెల్లచెక్కకీ చేవ రంగు ఎక్కిస్తాయి కాబట్టి పై రంగు చూసి పోల్చుకోవడం కష్టం. పలక అంచుల్ని చిత్రిక పట్టి చూసి, తెల్లచెక్క ఉన్న మేర కోసేయాలి.

అతికేటప్పుడు ఇంకొకటి: తడి జిగురు మీద ఇనుప క్లాంపు ఆనితే చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి నల్లమచ్చ పడుతుంది. మధ్యలో ప్లాస్టిక్ కాగితం పెట్టండి.