సవరణ: క్వాలిటీ స్కోర్ గురించి తప్పు రాశా

మొన్న "ల్యాండింగ్ పేజీ స్పీడు పెంచితే చాలు, గూగుల్ యాడ్స్‌లో క్వాలిటీ స్కోర్ 10 వచ్చేస్తుంది" అని రాసేశా కదా, అది తప్పండి. ల్యాండింగ్ పేజీ అంటే యాడ్ నొక్కితే తెరుచుకునే పేజీ, క్వాలిటీ స్కోర్ అంటే మనం యాడ్ కోసం ఎంచుకున్న ఒక్కో వెతుకుడు మాటకి (కీవర్డ్) గూగుల్ ఇచ్చే నాణ్యత మార్కు. ఆ 1 నుంచి 10 నంబరు మనం చూసుకోడానికి ఇచ్చే డయాగ్నస్టిక్ (లోపం ఎక్కడుందో చూపించే సూచిక) మాత్రమే, ఎవరి యాడ్ చూపించాలో తేల్చే వేలంలో దాన్ని నేరుగా వాడరని గూగులే చెప్తోంది. పైగా అందులో ల్యాండింగ్ పేజీ ఎక్స్‌పీరియన్స్ ఒక్కటే కాదు, యాడ్ రెలవెన్స్ (వెతికినదానికి యాడ్ ఎంత సరిపోతోంది), ఎక్స్‌పెక్టెడ్ సీటీఆర్ (యాడ్ కనిపిస్తే ఎంతమంది నొక్కుతారన్న అంచనా) కూడా ఉంటాయి, మూడింటినీ గత 90 రోజుల్లో అదే కీవర్డ్‌కి యాడ్ కనిపించిన మిగతావాళ్లతో పోల్చి చూస్తారు. స్పీడు ముఖ్యమే, కాదనను, కానీ "స్ప్లిట్ ఏసీ సర్వీసింగ్" అని వెతికినోణ్ణి తీసుకెళ్లి హోమ్ పేజీలో పడేస్తే అది ఎంత ఫాస్టుగా తెరుచుకుంటే ఏం లాభం, రేటెంతో, ఏ ఏరియాకి వస్తారో, బుకింగ్ బటన్ ఎక్కడుందో దొరక్క వెనక్కి పోతాడు. నేనూ అదే చేశాలెండి, స్పీడు కోసం ఫోటోల సైజు తగ్గించుకుంటూ కూర్చున్నా. పాత పోస్టులో ఆ లైను కొట్టేశా.