గుమ్మంలో వేలాడే డాష్‌బోర్డు గారికి

విశాఖపట్నం,
శనివారం రాత్రి.

మహారాజశ్రీ కాలేజీ గ్రంథాలయ డాష్‌బోర్డు గారి దివ్య సముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు క్షేమమని వేరే అడగక్కర్లేదు, 55 అంగుళాల తెర మేర మా లెక్కలు చూపిస్తూ, వెలుగుతూ రోడ్డు మీదికి కూడా కనబడుతున్నారు.

ఈవేళ మధ్యాహ్నం రెండున్నరకి తమరు ఎర్రక్షరాల్లో ఒక మాట సెలవిచ్చారు. "సీట్లు 180. లోపల ఉన్నవారు 212. ఖాళీ లేదు." గాజువాక నుంచి రెండు బస్సులు మారి, ఉక్కపోతకి చొక్కాలు ఒంటికి అంటుకుపోయి వచ్చిన పిల్లలు తమరి మాట వేదవాక్కనుకుని మెట్ల మీదే కూలబడ్డారు. గంటంబావు తరవాత మంచినీళ్ళ కోసం లోపలికెళ్ళిన కుర్రాడొకడు చూసొచ్చి చెప్పాడు: లెక్కపెడితే అరవై మంది లేరట. ఫ్యాన్లు మాత్రం అన్నీ తిరుగుతున్నాయట.

180 కుర్చీల్లో 212 మందిని సర్దిన తమరి నేర్పు ఆర్టీసీకి కూడా లేదు. ఆ మిగిలిన 32 మంది ఎవరి ఒళ్ళో కూర్చున్నారో కూడా పక్కన ఒక గ్రాఫు గీసి చూపిస్తే బాగుండేది.

తమరికి ఇది ఎలా సాధ్యమైందో తెలియనివారెవరూ లేరు, ఒక్క తమరిని కొన్న కమిటీ తప్ప. గుమ్మానికి ఉన్నది ఒకటే స్కానర్. కార్డు చూపిస్తే సాఫ్ట్‌వేర్ ఆ నంబరు మీద చివరి వరస వెతుకుతుంది. అందులో 'ఔట్' గడి ఖాళీగా ఉంటే ఇప్పటి టైము అక్కడ నింపుతుంది, నిండి ఉంటే కొత్త వరస మొదలుపెట్టి 'ఇన్' అని రాసుకుంటుంది. అంతే, ఇంకే తెలివీ లేదు. ఇక బెల్లు కొట్టగానే ముప్ఫై మంది ఒక్కసారి బయటపడతారు. బ్యాగులు పెట్టే అర తలుపుకి అటుపక్కన, స్కానర్ ఇటుపక్కన. కార్డు మీద బార్‌కోడ్ రెండో ఏడాదికే అరిగిపోతుంది. బయటికెళ్ళేటప్పుడు స్కాన్ చేసే మహానుభావులు సగం మంది ఉంటే గొప్ప.

ఇక్కడి నుంచి తమరి లీల మొదలవుతుంది. శుక్రవారం పదింటికి వచ్చి, పదీ ఇరవైకి స్కాన్ చేయకుండా వెళ్ళినవాడు తమరి దృష్టిలో లోపలే ఉన్నాడు. శనివారం రాలేదు, లోపలే ఉన్నాడు. ఆదివారం తాళం వేసి ఉంది, అయినా లోపలే. సోమవారం పొద్దున్న పాపం వచ్చి కార్డు చూపించాడా, అప్పుడు బయటికెళ్ళినట్టు! మనిషి గడప లోపల కాలు పెట్టగానే తమరి లెక్కలో ఒకరు తగ్గుతారు. సాయంత్రం బుద్ధిగా స్కాన్ చేసి ఇంటికి పోతే ఒకరు పెరుగుతారు. ఒక్కసారి మర్చిపోయిన పాపానికి వాడి జాతకమే తిరగబడింది, మళ్ళీ ఇంకోసారి మర్చిపోతే తప్ప సరికాదు. అలాంటి జాతకాలన్నీ పోగుపడి, పొద్దున్న తలుపు తీయకముందే తమరి ముఖాన మూడంకెల జనం కనబడుతున్నారు.

ఆ లెక్కలోంచే 'సగటు అధ్యయన సమయం 9 గంటల 10 నిమిషాలు' పుట్టింది. పొద్దున్న ఎనిమిదింటికి తీసి రాత్రి ఎనిమిదింటికి మూసే చోట కొన్ని వరసల్లో 70 గంటల చదువు నమోదైంది. తెరిచి ఉన్న గంటల కంటే ఎక్కువ సేపు ఎవరూ చదవలేరన్న చిన్న అనుమానం తమరికి రాకపోవడం పోనీయండి, దాన్ని రంగుల పవర్‌పాయింట్‌లో పెట్టినవాళ్ళకీ రాలేదు. కాలేజీల నాణ్యత తేల్చే న్యాక్ వారు గ్రంథాలయం రోజువారీ వాడకం అడుగుతూ వచ్చారు కదా, గేటు హాజరూ ఆన్‌లైన్ లాగిన్లూ కలిపి. అడిగింది ఎంతమంది వాడుతున్నారని. తమరు చెబుతున్నది ఎంతమంది స్కాన్ మర్చిపోయారని.

దీనికి మందు కోట్ల ఖరీదు కాదండీ. రాత్రి ఎనిమిదిన్నరకి ఒక చిన్న ప్రోగ్రాం నడవాలి: ఔట్ లేని వరసలన్నీ మూసేసి, పక్కన 'అంచనా' అని గుర్తు పెట్టాలి. ఆ గుర్తున్నవి ఎంతమంది వచ్చారన్న లెక్కలోకి తీసుకోవచ్చు, ఎంతసేపు ఉన్నారన్న లెక్కలోకి మాత్రం రాకూడదు. మిగిలినవాటికి సగటు తీయొద్దు, మధ్యస్థం తీయండి. అంటే వరసగా పేర్చి నడిమిది చూడటం. ఒకడు పది గంటలు కూర్చున్నా నడిమిది కదలదు.

అసలు ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో తెలియాలంటే తమరితో పనే లేదు. ఒక అటెండరు, ఒక అట్ట, ఒక పెన్సిలు చాలు. గంటకోసారి చుట్టి రావాలి, రోజుకి పన్నెండు సార్లు. రీడింగ్ హాలు, రిఫరెన్సు, పత్రికల గది, కంప్యూటర్ల గది విడివిడిగా గీతలు పెట్టాలి. 180 కుర్చీలకి పది నిమిషాలు పట్టదు. బ్యాగు కూర్చున్న కుర్చీని వేరే గీతగా రాసుకోవాలి, ఎందుకంటే అది మనిషీ కాదు, ఖాళీ కూడా కాదు. మామూలు రోజుల్లో రెండు వారాలు, మిడ్ పరీక్షల ముందు ఒక వారం. రెండింటినీ కలపొద్దు. కలిపితే రెండూ అబద్ధాలవుతాయి. తరవాత ఆరు రోజులు నిలువునా, పన్నెండు గంటలు అడ్డంగా, 72 గళ్ళు గీసి ఒకే రంగు పలచన నుంచి చిక్కన దాకా నింపితే, ఏ రోజు ఏ గంటకి కుర్చీలు చాలడం లేదో పదో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. ఎనిమిదింటికి మూయాలా పదింటిదాకా ఉంచాలా అన్నది ఆ గళ్ళు చూసి తేల్చాలి. "రోజుకి సగటున నాలుగొందల మంది" అన్న ముక్కతో ఏం తేలుతుంది? పొద్దున్న పదింటి ఖాళీ, సాయంత్రం అయిదింటి కిటకిట కలిపి ఉడకేస్తే అది సాంబారు, లెక్క కాదు.

ఆ సగటైనా సరిగా తీశారా? వాయుగుండానికి కలెక్టర్ గారు సెలవిచ్చిన రోజుల్ని సున్నాలుగా వేసి, నెలని ముప్ఫైతో భాగించారు. తుపాను వల్ల పిల్లలకి చదువు మీద ఆసక్తి తగ్గిందని తేల్చిన ఘనత తమరిదే.

తమరి మూడో పేజీలో తిరిగే గుండ్రటి 'పై' (pie) చార్టు గురించి ఎక్కువ చెప్పను. పదకొండు ముక్కలు, దానికి మందం ఒకటి. ముందున్న ముక్క లావుగా కనబడుతుంది, వెనకది నలిగిపోతుంది. సీఎస్‌ఈ (కంప్యూటర్ బ్రాంచి) వాళ్ళే బాగా చదువుతున్నారని కింద వ్యాఖ్య. ఏ బ్రాంచిలో ఎంతమంది ఉన్నారో దాంతో భాగించకపోతే తేలేది చదువు కాదు, జనాభా. ఇక ఈ-జర్నళ్ళ లెక్కలో ఇన్వెస్టిగేషన్లూ (వ్యాసం వివరాలు ఏ రకంగా చూసినా ఒకటి) రిక్వెస్టులూ (పూర్తి వ్యాసం తెరిస్తే ఒకటి) కూడేశారు. ఆ వాడకం లెక్కపెట్టే 'కౌంటర్' (COUNTER) అనే నియమాల్లో ప్రతి రిక్వెస్టూ ముందే ఇన్వెస్టిగేషన్‌లో ఉంటుంది సామీ! 03/04 అంటే మార్చి నాలుగో ఏప్రిల్ మూడో ఎక్సెల్‌కి వదిలేశారు. 'ఈ నెల ఉత్తమ పాఠకురాలు' అని ఓ అమ్మాయి పేరూ, తను తీసుకున్న పుస్తకాలూ రోడ్డు మీదికి చూపించడం ఏ శాస్త్రంలో ఉంది?

1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా చెప్పడం మొదలైన ఊరిది. పాఠకుడి సమయం ఆదా చేయమని గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారి నాలుగో సూత్రం. గంటంబావు మెట్ల మీద కూర్చోబెట్టావు. శ్రీశ్రీ పుట్టిన ఊళ్ళో మీ కేటలాగులో ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీశ్రీ అని కొడితే 'ఫలితాలు లేవు' అంటుంది, ఎందుకంటే లోపల శ్రీనివాసరావు, శ్రీరంగం అని పడుకోబెట్టారు. ఏమీ దొరకని వెతుకులాటల జాబితా వారానికోసారి తీసి, పేరుకి పేరు ముడేస్తే పోయేదానికి ఎవరూ ఆ జాబితా తెరిచి చూడరు. నీ ముఖం కడగడానికి మాత్రం టెండరు పిలుస్తారు. ఏటి నీ గొప్ప? తాడు కట్టిన పెన్నుతో పాత గేటు రిజిస్టరు నీకంటే నయం. 'వెళ్ళిన సమయం' కింద అందరూ డిటో పెట్టేవారు, నిజమే. కానీ అది అబద్ధమని చూడగానే తెలిసేది.

కోపంలో ఏకవచనం వచ్చేసింది, మన్నించాలి. ఎందుకంటే తమరి నాలుగో పేజీ ఒకటుంది. ఎనిమిది సెకన్లు మెరిసి పోతుంది, ఎవరూ చూడరు. వెయిటింగ్ లిస్టు. అది స్కానర్‌ని నమ్ముకోలేదు, కౌంటర్లో ఇచ్చి పుచ్చుకున్న పుస్తకాల్లోంచి వస్తుంది కాబట్టి నిజం. ఒక ఆల్గరిథమ్స్ పుస్తకానికి రెండు కాపీలు, క్యూలో 14 మంది. ఒక్కొక్కరికి 14 రోజులు. రెండూ నిన్ననే బయటికెళ్ళాయనుకుంటే చివరివాడి చేతికి 98వ రోజున వస్తుంది, అప్పటికి సెమిస్టరు అయిపోవచ్చినట్టే. ఇంకో మూడు కాపీలు కొంటే 42 రోజులు. ఆ ఒక్క పుస్తకానికి గడువు వారం చేస్తే 21. మూడు కాపీలంటే తమరి స్టాండు ఖరీదు కూడా కాదు. ఈ పేజీ ఉంది కాబట్టే తమరిని గుమ్మంలోంచి పీకేయమని ఇంకా ఎవరూ అర్జీ పెట్టలేదు. దీన్ని మొదటి పేజీ చేసి, ఆ ఎర్రక్షరాల పేజీని తీసేయించండి, దండం పెడతాం.

ఇప్పుడే ఎనిమిదయింది. లైట్లు ఆర్పేశారు, వాచ్‌మన్ తాళం రెండుసార్లు లాగి చూసుకుని వెళ్ళిపోయాడు. తమరింకా లోపల 151 మంది ఉన్నారంటున్నారు. రేపు ఆదివారం కూడాను, వాళ్ళకి భోజనాల సంగతి చూడగలరు.

ఇట్లు,
మెట్ల మీది పాఠకులు