విల్లును టేపుతో కొలిచే చట్టాలు

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 2014లో చట్టం మార్చి క్రాస్‌బోతో, అంటే తుపాకీలా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే అడ్డవిల్లుతో, జింకల వేటకు దారి ఇచ్చింది. ఇస్తూనే కొలతలు పెట్టింది. ఎక్కుపెట్టక ముందు వింటిబద్దలు ఈ కొస నుంచి ఆ కొసకు కనీసం 17 అంగుళాల వెడల్పు ఉండాలి. నారి లాగే బరువు 100 పౌండ్లకు తగ్గకూడదు, 200 దాటకూడదు. మొత్తం పొడవు 24 అంగుళాలైనా ఉండాలి. ఆ తర్వాత కొన్నేళ్లకు రావిన్ కంపెనీ ఒక క్రాస్‌బో తెచ్చింది. మామూలుగా ఉన్నప్పుడు దాని వెడల్పు పది అంగుళాల పైచిలుకు, ఎక్కుపెట్టాక ఆరేడు అంగుళాలు. బద్దలున్నాయి, నారి ఉంది, బాణం ఉంది. మనిషి చేత్తో మర తిప్పితేనే నారి వెనక్కి వస్తుంది. అయినా ఆ కొలత ప్రకారం అది వేటకు పనికొచ్చే విల్లు కాలేకపోయింది! సన్నగా ఉండటమే దాని నేరం.

ఇలాంటి నిబంధనలు ఎత్తేయాలన్నది నా వాదన. ఏది విల్లో ఏది కాదో ఆకారం చూసి తేల్చే పద్ధతే తప్పు.

అక్కడ వేట నిబంధనలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయని చాలామందికి తెలిసిందే. ఒరెగాన్ క్రాస్‌బో వేటను అసలు ఒప్పుకోదు. కొలరాడో రైఫిల్ సీజన్‌లో రానిస్తుంది, విల్లుల సీజన్‌లో రానివ్వదు. ఒహాయో 1970ల నుంచే అనుమతించింది. అసలు గొడవంతా ఈ విల్లుల సీజన్ గురించే. తుపాకులవాళ్లు దిగకముందే, జింకలు ఇంకా బెదరకముందే, వారాల తరబడి అడవి విలుకాళ్లకు దొరుకుతుంది. ఆ సీజన్‌లోకి ఎవరిని రానివ్వాలన్నదే పంచాయితీ.

ఈ కొత్త డిజైన్లు ఎందుకు పుట్టాయో చూస్తే చట్టం ఎక్కడ తప్పటడుగు వేసిందో తెలుస్తుంది. పాత తరహా క్రాస్‌బోలో విల్లు ముందు కొసన అడ్డంగా ఉంటుంది. బరువంతా ముందుకు తూగుతుంది. చెట్టుమీద కట్టుకున్న మంచెలో కూర్చుని పక్కకు తిప్పబోతే బద్ద కొమ్మకు తగులుతుంది. పైగా నారి కదిలే దూరం తక్కువ కాబట్టి, వేగం కావాలంటే లాగే బరువు పెంచక తప్పదు. రివర్స్ డ్రా క్రాస్‌బోలో బద్దలను తిరగేశారు. వాటి మొదలు ట్రిగ్గర్ దగ్గర ఉంటుంది, కొసలు ముందుకు చూస్తుంటాయి. అంతే పొడవులో నారికి ఎక్కువ దూరం దొరుకుతుంది. తక్కువ బరువు లాగినా అదే వేగం వస్తుంది, తూకం చేతికి దగ్గరగా ఉంటుంది. రావిన్ది ఇంకో ఉపాయం. బద్దల కొసలకుండే క్యామ్ చక్రాల మీద మరచుట్టులాంటి గాళ్లు తీసి, చక్రం దాదాపు పూర్తి చుట్టు తిరిగేలా చేసింది. తాళ్లు ఆ గాళ్లలో చుట్టుకుంటాయి కనుక బద్దలు పక్కకు చాచుకోవాల్సిన పని లేదు. ఈ రెండింటిలోనూ శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? వంగిన బద్ద నుంచి. ఆ బద్దను వంచింది ఎవరు? వేటగాడి చేతులు.

నా దృష్టిలో అడగాల్సిన ప్రశ్నలు ఆ రెండే. ఈ రెండూ అడిగితే ఇప్పుడు లోపలున్న కొన్ని బయటికి పోతాయి, బయటున్నవి లోపలికి వస్తాయి. ఆస్ట్రియా కంపెనీ స్టీమ్‌బో చేసిన ఒక రకం క్రాస్‌బో చూడటానికి అచ్చమైన క్రాస్‌బోలాగే ఉంటుంది. కానీ మీట నొక్కితే గ్యాస్ ఒత్తిడే దాన్ని ఎక్కుపెడుతుంది. టేపు పట్టుకున్న అధికారికి అందులో తప్పు కనపడదు, నాకు కనపడుతుంది. 2016లో క్రాస్‌మన్ కంపెనీ బెంజమిన్ పయనీర్ ఎయిర్‌బో అని ఒకటి తెచ్చింది. అందులో బద్దా లేదు, నారీ లేదు. 3,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఉన్న గాలి సెకనుకు 450 అడుగుల వేగంతో బాణాన్ని తోస్తుంది. పేరు చివర బో అని ఉంటే విల్లయిపోతుందా? టెక్సస్ 2018లో దీన్ని ఆరో గన్ (బాణం తుపాకీ) అని వేరుగా పిలిచి, వేటకు ఒప్పుకుంటూనే విల్లుల సీజన్ నుంచి పక్కన పెట్టింది. ఆకారాన్ని వదిలేసి పనితీరు చూసి రాసిన నిబంధన అంటే అదీ.

అవతలి వాదన తీసిపారేసేది కాదు. విల్లుల సీజన్ అంత ఎక్కువ రోజులు ఉండటానికి కారణం ఆ వేట కష్టం కావడమే, సులువైన ఆయుధాలను రానిస్తే జింకలు ఎక్కువ చస్తాయి, చివరికి సీజన్‌నే కుదించాల్సి వస్తుంది అంటారు. భయం అర్థమవుతుంది. కానీ ఒహాయోలో ఇప్పుడు మామూలు విల్లులకంటే క్రాస్‌బోలతోనే ఎక్కువ జింకలను కొడుతున్నారు. అయినా అక్కడి విల్లుల సీజన్ సెప్టెంబర్ చివర మొదలై ఫిబ్రవరి దాకా సాగుతూనే ఉంది. ఎన్ని జింకలు చావాలో తేల్చేది ఒక్కొక్కరికి ఇచ్చే పర్మిట్ల సంఖ్య. వింటి వెడల్పు కాదు.

అసలు ‘సులువు’ అన్న మాటనే లెక్కగట్టి చూద్దాం. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో ఆసక్తికరమైన భాగం ఇదే. బాణం వదిలిన చప్పుడు సెకనుకు దాదాపు 1,100 అడుగుల వేగంతో వెళ్తుంది. కొసలకు చక్రాలున్న చేతి విల్లు, అదే కాంపౌండ్ బో, మంచిదైతే దాని నుంచి బాణం సుమారు 300 అడుగుల వేగంతో, కొత్త తరం క్రాస్‌బో నుంచి 400 అడుగుల వేగంతో పోతాయి. అంటే రెండింటిలోనూ చప్పుడే ముందు చేరుతుంది. జింక వినగానే ఎగిరి దూకడానికి ముందు ఒళ్లు కిందికి దించుతుంది. గుండెకు గురిపెట్టిన బాణం వెన్ను మీదుగా పోవడమో, అంతకంటే దారుణంగా పైపైన గాయం చేయడమో అప్పుడే జరుగుతుంది. 40 గజాల దూరంలో కాంపౌండ్ బాణానికి 0.4 సెకను పడితే చప్పుడుకు 0.1 సెకను చాలు. మధ్యలో జింకకు దొరికేది 0.3 సెకను. క్రాస్‌బోతో జింకకు అదే 0.3 సెకను చిక్కాలంటే దూరం 60 గజాలు కావాలి. ఇంత రాద్ధాంతం ఆ 20 గజాల కోసమన్న మాట! అదే .30-06 రైఫిల్ తూటా సెకనుకు 2,800 అడుగుల పైనే వెళ్తుంది. జింకకు చప్పుడు వినపడేసరికి తూటా దిగిపోయి ఉంటుంది. దెబ్బ బలం చూసినా అంతే. క్రాస్‌బో బాణంలో 140 ఫుట్-పౌండ్ల శక్తి ఉంటే ఆ తూటాలో 2,800 ఉంటాయి. ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఈ వేగం లెక్కన ఎయిర్‌బో కూడా విల్లుల వైపే నిలుస్తుంది, దాని బాణమూ చప్పుడు వెనకే వస్తుంది. దాన్ని ఆపాల్సింది వేగం పేరుతో కాదు, గాలి సిలిండర్ పేరుతో.

ఇంత చిన్న తేడాకు ఇంత ప్రతిఘటన ఎందుకంటే, వాదన జింకల గురించి కాదు కాబట్టి. ముందు వచ్చి సీటు పట్టుకున్నవాళ్లు తర్వాత వచ్చేవాళ్లను ఆపడం ఇది. మిస్సోరీకి చెందిన హోలిస్ విల్బర్ అలెన్ 1966లో కాంపౌండ్ బోకి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. అప్పట్లో కర్ర విల్లులవాళ్లు దాన్ని చూసి ఇది యంత్రం, విల్లు కాదన్నారు. చక్రాలూ తాళ్లూ ఉన్నదాన్ని విల్లుల సీజన్‌లోకి ఎలా రానిస్తారని రాష్ట్రాల్లో గొడవ పడ్డారు. ఆ కాంపౌండే ఇప్పుడు సంప్రదాయమై కూర్చుంది. 70 పౌండ్ల కాంపౌండ్‌కు 80 శాతం లెటాఫ్ (చివర్లో చక్రాలు తగ్గించే బరువు) ఉంటే, పూర్తిగా లాగాక వేటగాడు మోసేది 14 పౌండ్లే. నారిని పట్టి వదిలేందుకు చేతిలో ట్రిగ్గర్ ఉన్న రిలీజ్, గురి చూసేందుకు వెలిగే సైట్, అన్నీ ఉంటాయి. ఇన్ని ఉన్నవాళ్లు, నారిని చేతికి బదులు మర పట్టుకుంటోంది కాబట్టి క్రాస్‌బో మోసమంటారు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే. విల్లు వేట రికార్డులు రాసే పోప్ అండ్ యంగ్ క్లబ్ ఇప్పటికీ క్రాస్‌బోని తన పుస్తకంలోకి రానివ్వదు. క్లబ్ కాబట్టి దాని ఇష్టం, ఎవరూ కాదనరు. క్లబ్ అభిరుచి ప్రభుత్వ నిబంధనగా మారినప్పుడే సమస్య.

ఇది కొత్త జబ్బేమీ కాదు. ఇంగ్లండ్‌లో ఎనిమిదో హెన్రీ కాలంలో, 1541లో వచ్చిన చట్టం ప్రకారం ఏడాదికి 100 పౌండ్ల ఆదాయం లేనివాడు క్రాస్‌బో గానీ చేతి తుపాకీ గానీ ఉంచుకోకూడదు. ఆస్తి ఉన్నవాడి చేతిలో అదే క్రాస్‌బో వేట పరికరం, లేనివాడి చేతిలో నేరం. ఇప్పుడు ఆస్తి స్థానంలోకి భుజబలం వచ్చింది. చాలాచోట్ల భుజం దెబ్బతిన్నవాడు డాక్టర్ సర్టిఫికెట్ తెస్తే క్రాస్‌బోకి అనుమతి ఇస్తారు. అరవై ఐదేళ్లొచ్చి చేయి పూర్తిగా లేవకపోయినా, కాగితం ఎక్కేంత జబ్బు లేనివాడి సంగతేమిటి? ఫెడరల్ సర్వే ప్రకారం 2011లో 1.37 కోట్ల మంది వేటగాళ్లుంటే, 2016 నాటికి 1.15 కోట్లకు పడిపోయారు. వయసు మీదపడి మానేస్తున్నవాళ్లు అందులో తక్కువేం కాదు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద వన్యప్రాణి శాఖలకు డబ్బు అందుతోంది. విల్లుల మీద 11 శాతం పన్ను 1970ల నుంచి అందులో భాగం. క్రాస్‌బో కొన్నవాడూ ఆ పన్ను కడుతున్నాడు. పన్ను వసూలు చేసేటప్పుడు మాత్రం దాన్ని విల్లు అనడానికి ఎవరికీ అభ్యంతరం లేదు!

ఆకారం వదిలేస్తే రేపు ఏదైనా లోపలికి వచ్చేస్తుందని కొందరంటారు. గట్టి పరీక్షే పెడతాను. జర్మనీకి చెందిన జోర్గ్ స్ప్రావే, యూట్యూబ్ చూసేవాళ్లకు బాగా తెలిసినవాడు, మామూలు విల్లుకు బాణాల మ్యాగజీన్ తగిలించే పరికరం చేశాడు. లాగిన ప్రతిసారీ ఒక బాణం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. చూస్తే ఆయుధాగారంలోంచి తెచ్చినట్టుంటుంది. నా రెండు ప్రశ్నలూ దాన్నీ అడుగుతాను. శక్తి బద్దదేనా? అవును. ప్రతి బాణానికీ మనిషే లాగాలా? అవును. అయితే రానివ్వండి. రెండో బాణం సిద్ధమయ్యేసరికి జింక అక్కడ ఉంటే కదా.