ఏడవని ప్రేక్షకుడి హక్కుల కోసం

ఒకప్పుడు సినిమా అయిపోయి లైట్లు వెలిగేలోపు, ఏడ్చినవాళ్లు ఎవరూ చూడకుండా గబగబా కళ్లు తుడుచుకునేవారు. ఇప్పుడు తల దించుకుని బయటపడాల్సింది కళ్లు పొడిగా ఉన్నవాడు. "బాగుందా?" అని ఎవరూ అడగరు, "ఏడ్చావా?" అని అడుగుతారు. లేదన్నామా, అయిపోయాం. కథ ఎలా ఉంది, మాటలెలా ఉన్నాయి, సెకండాఫ్ ఎందుకంత సాగింది, ఇవన్నీ ఎవడికి కావాలి? ఎంతసేపు ఏడ్చావు, వెక్కిళ్లు వచ్చాయా, ముక్కు కూడా కారిందా, లెక్క అదే. (ముక్కు కారడాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దని మనవి. కంట్లో ఎక్కువైన నీళ్లు పోయే గొట్టం ముక్కులోకే తెరుచుకుంటుంది, అది ఒట్టి డ్రైనేజీ, సున్నిత హృదయానికి గుర్తేం కాదు.)

సరే, కన్నీరే కొలమానమైతే తూకం సక్రమంగా ఉండాలి కదా. అమెరికన్ బయోకెమిస్టు విలియం ఫ్రే 1980ల్లోనే జనానికి ఏడుపు సినిమాలు చూపించి, ఆ కన్నీళ్లు పట్టి, ఉల్లిపాయలు తెప్పించిన కన్నీళ్లతో పోల్చి, దుఃఖంతో వచ్చినవాటిలోనే ప్రోటీన్ ఎక్కువని చెప్పాడు. ఇంకేం, ప్రతి హాలు గుమ్మం దగ్గరా ఒక ల్యాబ్ పెట్టేయొచ్చు. ప్రోటీన్ తక్కువ తేలితే టికెట్ డబ్బులు వాపస్. 1995లో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంకా పొదుపరులు, ఏ సినిమా ముక్క ఏ భావాన్ని పుట్టిస్తుందో జాబితా వేసి, దుఃఖం కింద 1979 నాటి 'ది చాంప్' నుంచి బాక్సర్ తండ్రి చనిపోతే కొడుకు ఏడ్చే సీన్ చేర్చారు. మూడు నిమిషాలు కూడా లేని ఆ ముక్కను తర్వాత ఎన్ని ల్యాబుల్లో వాడారో! అదే పనికి మూడు గంటలు తీసుకునే దర్శకులు కాస్త ఆలోచించాలి.

ఆలోచిస్తారని నమ్మకం లేదులెండి, ఎందుకంటే వాళ్ల దగ్గర కుక్క ఉంది. ఊళ్లకు ఊళ్లు తగలబడుతున్నా పాప్‌కార్న్ నమలడం ఆపని హాలు, కుక్క ఒక్క కాలు కుంటితే ఊపిరి బిగబడుతుంది. కుక్క దొరకకపోతే చిన్నపిల్లాడు, పిల్లాడూ లేకపోతే చనిపోయినవాళ్లు రాసిపెట్టిన ఉత్తరం, అదీ ఎప్పుడూ వర్షం పడుతున్నప్పుడే చదువుతారు, పక్కనే ఎక్కడో వయొలిన్ వాయించేవాడు కాచుకుని ఉంటాడు. ఇంత సరంజామా ముందు కూడా కన్ను చెమర్చలేదంటే నిజానికి మెచ్చుకోవాలి. ఇంటికెళ్లాక మూడు రోజులు నిద్ర పట్టనివ్వని కథలు కొన్ని ఉంటాయి, వాటికి చుక్క నీరు రాదు, ఆ ఖాతా ఎక్కడా జమ కాదు. పుస్తకం చదివి ఏడ్చేవాళ్లది ఇంకో మెట్టు పైన, వయొలిన్ లేకుండానే ఏడ్చామని వాళ్ల ధీమా, అది కొంత న్యాయమే అనుకోండి.

నాట్యశాస్త్రంలో అశ్రువు ఎనిమిది సాత్త్విక భావాల్లో (మనసులోది ఒంటిమీద తేలే గుర్తుల్లో) ఒకటి, అభినయంలో భాగం. అంటే ఏడవడం నటుడి డ్యూటీ. ఆయన గ్లిజరిన్ పెట్టుకుని, డబ్బు తీసుకుని ఏడుస్తాడు. మనం డబ్బు కట్టి మరీ ఏడుస్తున్నాం!

దీనికి పరిష్కారం 19వ శతాబ్దపు పారిస్ నాటకశాలల్లోనే ఉంది. అక్కడ 'క్లాక్' అని కిరాయి ప్రేక్షకుల ముఠాలుండేవి. చప్పట్లకు కొందరు, నవ్వడానికి కొందరు, సరైన సీన్‌లో కర్చీఫు కళ్లకద్దుకోవడానికి ప్రత్యేకంగా కొందరు, ఎక్కువగా ఆడవాళ్లు. ఆ ఉద్యోగాలు తక్షణం పునరుద్ధరించాలని డిమాండ్ చేస్తున్నాను. టికెట్‌తో పాటే ఒకరిని బుక్ చేసుకుంటాం. నా తరఫున ఆవిడ ఏడుస్తారు, నేను ప్రశాంతంగా కూర్చుని, హీరోకి గుండెపోటు వచ్చిన రాత్రి అంబులెన్స్‌కి ఎవరూ ఎందుకు ఫోన్ చేయలేదో ఆలోచించుకుంటాను. బయట ఎవరైనా నిలదీస్తే రసీదు చూపిస్తాను. వెక్కిళ్లకు వేరే చార్జీ వేసినా అభ్యంతరం లేదు, కానీ కుక్క సీన్‌కి మాత్రం మామూలు రేటే తీసుకోవాలి, దానికి ఎవరైనా ఏడుస్తారు.